వేట రోజుల్లో అనని మాటలు

మా ఇంట్లో కొన్ని మాటలు అనేవారు కారు. బియ్యం అయిపోతే అయిపోయాయని అనకూడదు, నిండుకున్నాయనాలి. దీపం ఆరదు, కొండెక్కుతుంది. మంగళసూత్రం తెగదు, పెరుగుతుంది. ఇవి చాలా తెలుగు ఇళ్ళలో ఉన్నవే. మా ఇంట్లో వీటికి తోడు ఇంకొకటి ఉండేది. గుమ్మంలోకి వచ్చి అడిగిన మనిషితో 'లేదు' అనకూడదు.

మా తాతగారు బొబ్బిలికి అవతల ఒక పల్లెలో వ్యాకరణం చెప్పేవారు. జమీందారు ఇచ్చిన మాన్యం ఉండేది. దూరపు ఊళ్ళ నుంచి వచ్చిన విద్యార్థులు మా ఇంట్లోనే తిని, మా అరుగుల మీదే పడుకుని చదువుకునేవారు. తర్వాత మాన్యం పోయింది, విద్యార్థులూ రావడం మానేశారు. అప్పుడు కూడా ఎవరైనా ఏదైనా అడగడానికి వస్తే ఆయన, "మళ్ళీ ఓసారి కనబడు నాయనా" అనేవారు. మిగిలిన పొలాలు నా చిన్నతనంలో ఒక్కొక్కటే అమ్మారు. అమ్మామని మాత్రం ఎవరూ అనలేదు. "తూర్పు చెక్క ఇంటికి దూరమైంది" అనేది మా నాన్నమ్మ. అలా చివరికి ఇల్లు కూడా దూరమైంది. ఇప్పుడు ఆ స్థలంలో ఒక ఫంక్షన్ హాలు ఉంది. ఆ దారిన బస్సులో వెళ్ళవలసి వస్తే నేను రెండో వైపు కిటికీ దగ్గర కూర్చుంటాను.

కుర్చీకి వీపు ఆనించి కూర్చోకూడదని, ఇస్త్రీ లేని చొక్కాతో గడప దాటకూడదని, ఎవరి దగ్గరా టీ అయినా ఊరికే తాగకూడదని మా నాన్నగారు నాకు నేర్పారు. ఆస్తిలో నా వాటాకి వచ్చింది అదే. వ్యాకరణం ఇక అన్నం పెట్టదని తెలిసి ఆయన నన్ను ఇంగ్లీషు ఎమ్మే చదివించారు. నేను పనిచేసిన కాలేజీ మూతపడింది. ఇప్పుడు విజయనగరంలో గంటస్తంభానికి కొంచెం అవతల, బట్టల దుకాణం మీద మేడలో, ఉద్యోగ పరీక్షలకు తయారుచేసే ఒక కోచింగ్ సెంటర్లో ఇంగ్లీషు చెబుతున్నాను. ఆ సెంటరు యజమాని ఒకప్పుడు నా దగ్గర ఇంటర్ చదివినవాడు. నన్ను మాస్టారూ అంటాడు. ఎదురుగా కాలు మీద కాలు వేసుకుని అంటాడు.

ఈ పరీక్షలన్నిటిలో తప్పకుండా వచ్చే భాగం ఒకటుంది. ఒకే వేరు నుంచి పుట్టిన ఇంగ్లీషు మాటలు కొన్ని ఇస్తారు. వాటిలో ఏది నామవాచకమో, ఏది క్రియో, ఏది విశేషణమో గుర్తుపట్టాలి. సక్సెస్, సక్సీడ్, సక్సెస్‌ఫుల్. మిగతా చోట్ల దీన్ని తోకలు చూపించి చెబుతారు. చివర 'షన్' ఉంటే నామవాచకం, చివర 'ఫుల్' ఉంటే విశేషణం అని. నాకు ఆ పద్ధతి నచ్చదు. మనిషిని చొక్కా చూసి పోల్చడం లాంటిది అది. మాటని వాక్యంలో కూర్చోబెట్టి చూడాలి. ఏ పీట మీద కుదురుగా కూర్చుంటే ఆ జాతి. మా తాతగారు సంస్కృతానికి చెప్పిన పద్ధతే నేను ఇంగ్లీషుకి చెబుతున్నాను. పిల్లలకి ఇది ఆలస్యమనిపిస్తుంది. తోకలే చెప్పండి సార్ అంటారు.

ఆమె వచ్చింది చలి వెనకబట్టిన రోజుల్లో, మధ్యాహ్నం రెండు బ్యాచ్‌ల మధ్య ఖాళీలో. మెట్ల మలుపు దగ్గర నిలబడింది. ముప్పై దాటిన మనిషి. చీర కుచ్చిళ్ళు ఎత్తి దోపుకుని ఉంది. కింద వీధిలో అల్యూమినియం తట్ట పక్కన ఆమె అత్త, ఒక ముసలామె, కూర్చుని ఉంది. ఇద్దరూ భోగాపురం దాటాక సముద్రం ఒడ్డున ఉన్న ఒక పల్లె నుంచి పొద్దున్నే ఆటోలో చేపలు తెచ్చి, ఊళ్ళో అమ్ముకుని, మధ్యాహ్నం తిరిగి వెళ్తారట.

"ఇంగ్లీసు సెప్పేది మీరేనా సార్?" అంది.

"నేనే."

"సేపలమ్ముకునేవోళ్ళకి సెప్తారా?"

"చదువుకునేవాళ్ళకి చెబుతాను."

ఆమె నవ్వింది. "అయితే నాకూ సెప్పాల. దూరవిద్యలో డిగ్రీ పాసయ్యాను సార్. లెక్కలొచ్చు. మిగతావీ వొచ్చు. ఇంగ్లీసు ఒక్కటే కాళ్ళకి అడ్డం పడతన్నాది."

ఆమె రాయబోయే పరీక్షలో ఇంగ్లీషుకి విడిగా కనీస మార్కులు రావాలి. మిగతావాటిలో ఎన్ని వచ్చినా అక్కడ తప్పితే తప్పినట్టే. పైగా ఆమెకి వయసు పరిమితి ఈ నోటిఫికేషనుతో సరి. ఇంకోటి పడేనాటికి ఆమె దరఖాస్తు చేయడానికి కూడా వీలుండదు. ఉద్యోగం దేనికని నేను అడగలేదు. తనే చెప్పింది.

"మా ఆయన విశాఖపట్నం హార్బర్లో బోటు మీద పోతాడు సార్. ఎల్తే వారం, పది రోజులు నీటి మీదే. ఉజ్జోగం వస్తే ఆ బోటు మానిపిస్తాను. ఇంటికాడ వలలు బాగుసేసుకుంటూ కూకుంటాడు. అంతే. నాకింకేటీ అక్కర్లేదు."

సాయంత్రం యజమాని నన్ను పక్కకి పిలిచాడు.

"మాస్టారూ, ఏటనుకోకండి. క్లాసులో సేపల వాసనొస్తే పిల్లలు ఇబ్బంది పడతారు. ఆవిడికి మీరే సెప్పండి."

"క్లాసు గది మీది," అన్నాను. "మెట్ల మలుపు మీరు అద్దెకి తీసుకున్నట్టు లేదు."

ఆ రోజు నుంచి ఆమె పాఠం మెట్ల మలుపు దగ్గరే జరిగింది. నాకు ఒక ప్లాస్టిక్ కుర్చీ. ఆమె పై మెట్టు మీద. మాది ఉల్లిపాయ కూడా రానివ్వని వంటిల్లు. ఆ వాసన నాకు ఇబ్బంది కాలేదంటే అబద్ధమవుతుంది. కానీ చదువుకోవడానికి వచ్చిన మనిషిని దూరంగా కూర్చోబెట్టడం మా ఇంట్లో నేర్పలేదు.

ఆమెకి నామవాచకం, క్రియ, విశేషణం అన్న మాటలకి నోరు తిరగక కాదు, వాటితో పని జరిగేది కాదు. తన మాటలు తనే పెట్టుకుంది. పేరు, పని, తీరు. స్ట్రెంగ్త్ పేరు. స్ట్రెంగ్తెన్ పని. స్ట్రాంగ్ తీరు. కొత్త మాట ఏది ఇచ్చినా ముందు ఒక వాక్యంలో పెట్టి పెదాలు కదిపి చూసుకునేది. కుదరకపోతే తల అడ్డంగా తిప్పేది, బేరం కుదరని మనిషిలా. పైన క్లాసులో తోకలు అడిగే పిల్లల కంటే ఈమెకి మా తాతగారి పద్ధతి తొందరగా పట్టుబడింది. ఎన్నో ఏళ్ళ తర్వాత పాఠం చెబుతున్నట్టు నాకు అనిపించింది.

ఒకరోజు 'ప్రైడ్, ప్రౌడ్' వచ్చాయి. ప్రౌడ్ అంటే ఏమిటని అడిగింది. అర్థం చెప్పాను.

"తెలిసింది సార్. తీరు," అంది. "కుర్సీకి ఈపు ఆనించకుండా కూకోవడం."

కింద నుంచి అత్త పెద్దగా నవ్వింది. ఆ ముసలామెకి చుట్టని నిప్పువైపు నోట్లో పెట్టుకుని కాల్చే అలవాటు. నిప్పు లోపల ఉండగానే మాట్లాడుతుంది, నవ్వుతుంది.

"పంతులుగోరూ, మా కోడలు కలెక్టరైపోతాదేటి?"

"కలెక్టరు కాదమ్మా. చిన్న ఉద్యోగం."

"సిన్నదైనా పెద్దదైనా ఫేను కింద కూకుంటాది కద. మరి నా తట్ట ఎవులు దించుతారు?"

"నీ కొడుకు దించుతాడులే అత్తా," అంది ఆమె వెనక్కి తిరగకుండానే. "అప్పుడు ఇంటికాడే ఉంటాడు."

"ఆడా? ఆడికి తట్ట దించడం వస్తే నాకీ గూని ఎందుకొస్తాది?"

ఇలా సాగుతుండగా ఒక మధ్యాహ్నం మాటల పట్టికలో 'డెత్, డై, డెడ్' అన్న వరస వచ్చింది. నేను చదివాను. ఆమె చదవలేదు. ఆమెకి వినబడలేదేమో అనుకుని మళ్ళీ చదివాను.

"ఇది ఇప్పుడు కాదు సార్," అంది.

"ఏం?"

"వేట సాగతన్నాది కద."

సముద్రం మీద చేపలు పట్టడాన్ని వాళ్ళు వేట అంటారు. మగవాళ్ళు వేటలో ఉన్న నెలల్లో వాళ్ళ ఇంటి ఆడవాళ్ళు చావు, ముంపు, పోవడం, నష్టం ఇలాంటి మాటలు ఏ భాషలోనూ అనరట. ఇంగ్లీషు కూడా భాషే కదా అంది. పట్టికలో అలాంటి వరసలు ఇంకా ఉన్నాయి. 'లాస్, లూజ్, లాస్ట్' ఉంది. 'డిస్ట్రక్షన్, డిస్ట్రాయ్, డిస్ట్రక్టివ్' ఉంది. నా మొహంలో ఏం కనబడిందో, అత్త కింద నుంచి లేచి, ఒక్కొక్క మెట్టే పట్టుకుని పైకి వచ్చింది.

"ఆ పొద్దు గంజికాడ తగువొచ్చింది పంతులుగోరూ," అంది. "దీని మావగారికీ నాకూ. ఎల్లినోడివి ఎల్లినట్టే పో అన్నాను. నా నోరే అన్నాది. తెప్ప మటుకు ఒడ్డుకొచ్చింది."

చుట్ట ఆరిపోయిందేమో నోట్లోంచి తీసి చూసుకుని, మళ్ళీ కిందికి వెళ్ళింది. కోడలు తల వంచుకుని కూర్చుంది. ఆ వరసని నేను పెన్సిలుతో పక్కకి గుర్తు పెట్టాను.

"తర్వాత చూద్దాం," అన్నాను.

"వేట ఆపినప్పుడు సార్. నిషేధం వస్తాది కద. పరీక్షా అప్పుడే కద."

చేపలు గుడ్లు పెట్టే కాలమని ఏప్రిల్ మధ్య నుంచి జూన్ మధ్య దాకా ప్రభుత్వం బోట్లని కదలనివ్వదు. పరీక్ష మే నెలలో. లెక్క సరిపోయింది. అంతకన్నా ఆలోచించవలసింది అప్పుడు ఏమీ కనబడలేదు.

నిషేధం మొదలైన వారంలో ఆమె వచ్చింది. తట్టలో ఎండు చేపలు. మొహంలో మాత్రం పండగ.

"ఇప్పుడు సెప్పండి సార్, ఆ సచ్చిన మాటలన్నీ."

అన్నీ చెప్పాను. ఒక్క మధ్యాహ్నంలో పట్టేసింది. తర్వాతి రోజుల్లో ఆ వరసల్ని తిరగేసి, మరగేసి అడిగినా తడబడలేదు. ఇంట్లో భర్త అడిగి చదివిస్తున్నాడట.

"వల కుట్టుకుంటూ అడగతన్నాడు సార్. డెడ్ ఏటే అంటాడు. తీరు అంటాను. మరి డెత్ ఏటే? పేరు. నా పేరు మటుకు అది కాదు గుర్తెట్టుకో అంటాడు. అన్నీ ఏసాలే." ఆ మాట చెబుతూ కొంగుతో మొహం తుడుచుకుంది. ఆమెని అంత నిశ్చింతగా నేను ముందూ చూడలేదు, తర్వాతా చూడలేదు.

పాత ప్రశ్నపత్రాలు పెట్టాను. ఇంగ్లీషులో కావలసిన మార్కులు దాటి వచ్చాయి. నేను ఎవరి గురించీ తొందరపడి మాట ఇవ్వను. ఆ రోజు యజమానితో, "ఈ ఏడు మన సెంటర్లో ఉద్యోగం వస్తే ఈమెకే వస్తుంది" అన్నాను.

పరీక్షకి కొద్ది రోజుల ముందు అతనే వచ్చి చెప్పాడు. "వాయిదా పడ్డాది మాస్టారూ. కోర్టులో ఏదో కేసంట. జూలై అంటన్నారు."

మధ్యాహ్నం ఆమెకి చెప్పాను. "చదువుకోవడానికి ఇంకా సమయం దొరికింది" అని కూడా అన్నాను. ఆమె మెట్టు మీద వేలితో ఏదో గీసింది.

"అప్పటికి బోటు మీద ఉంటాడు సార్," అంది.

జూన్ మధ్యలో బోట్లు కదిలాయి. ఆమె చదువు మానలేదు. తట్ట దించి, చేతులు కడుక్కుని, మెట్టు మీద కూర్చుని మిగతా మాటలన్నీ చదివేది. పెన్సిలు గుర్తు ఉన్న వరసలు వచ్చినప్పుడు చూపు వాటి మీద నుంచి జరిపి కిందికి వెళ్ళిపోయేది. "పర్వాలేదు సార్, కడుపులో ఉన్నాయి" అనేది. నాకూ ఇబ్బందిగా తోచలేదు. వచ్చిన చదువు నోటితో అనకపోయినంత మాత్రాన ఎక్కడికి పోతుంది?

పరీక్ష వారంలోనే అల్పపీడనం పట్టింది. విజయనగరంలో రెండు రోజులు ముసురు వదల్లేదు. బోటు రావలసిన రోజు దాటిపోయిందని, ఫోను కలవడం లేదని పరీక్ష ముందురోజు ఆమె చెప్పింది. పరీక్షకి వెళ్తావా అని నేను అడగలేదు. ఆమె కూడా ఆ మాట ఎత్తలేదు. వెళ్ళింది. ఊరి చివర ఒక ఇంజినీరింగు కాలేజీలో, కంప్యూటరు మీద పరీక్ష. ఆ మధ్యాహ్నం నేను పై బ్యాచ్‌కి పాఠం చెబుతూ కిటికీలోంచి వాన చూశాను. అంతకు మించి చేయగలిగింది నాకేమీ లేదు.

మర్నాడు అత్తా కోడళ్ళు ఇద్దరూ వచ్చారు. చేపలు లేవు. ఉత్త చేతులతో వచ్చారు.

"బోటు?" అన్నాను ముందు.

"వచ్చాడు సార్. నిన్న సీకటి పడ్డాక వచ్చాడు. ఇంజను పాడైపోతే ఇంకో బోటుకి కట్టి లాక్కొచ్చారంట."

కుర్చీలో కూర్చున్నాను. "పరీక్ష ఎలా రాశావు?"

"లెక్కలన్నీ సేసినాను. మిగతావీ బాగానే ఉన్నాయి. ఇంగ్లీసులో ఓ పేరా ఇచ్చాడు సార్. సదివి, దాని కింద ప్రశ్నలకి జవాబు పెట్టాల."

"దేని గురించి పేరా?"

"తుపాను."

నాకు అక్కడే అర్థమైంది. అయినా విన్నాను.

"సదివినాను సార్. సదివితే తప్పు కాదులే అనుకున్నాను. కింద ప్రశ్నలన్నీ మన పాఠమే. పేరాలోంచి తీసిన మాటలు. ఏది పేరు, ఏది పని, ఏది తీరు. అన్నీ వొచ్చు నాకు. మీ తోడు సార్, ఒక్కటి తెలీనిది లేదు."

"మరి?"

"పెట్టలేదు."

కింద వీధిలో ఒక ఆటో చాలాసేపు హారను కొట్టింది. ఆమె అది ఆగేదాకా ఆగింది.

"నోటితో అనక్కర్లేదు కదమ్మా," అన్నాను. "ఊరికే నొక్కడమే కదా."

"నోటితో అంటే గాలికి పోతాది సార్. అక్కడ ఏరుకోవాల. నాలుగు మాటలు నా ఎదర పెట్టి, ఇందులో ఏది కావాలే నీకు అన్నట్టు ఉంటాది. సావుని ఏరి, నొక్కి, దాసుకోమంటాది. మా ఆయన ఏ నీళ్ళ మీద ఉన్నాడో తెలీదు. నాను ఎలగ ఏరతాను?"

"ఆ ఒక్క పేరా కిందవేనా?"

"ఆటికే మార్కులెక్కువ కద సార్. మిగతావన్నీ అయ్యాక మళ్ళీ ఎనక్కొచ్చాను. సెయ్యి రాలేదు."

అత్త మెట్ల కింద నుంచి అంది: "అనలేదు కాబట్టే వచ్చాడు పంతులుగోరూ. లేకుంటే ఆ ఇంజను అక్కడ ఆగిపోతే ఇంకో బోటు ఆ దారిన ఎందుకొస్తాది?"

కోడలు అత్త వైపు చూడలేదు. నా వైపు చూసింది. నేనేదో అంటానని చూసింది. ఇది మూఢనమ్మకమని చెప్పేవాళ్ళు విజయనగరంలో వీధికొకరు దొరుకుతారు. ఆ మాట అనడానికి నాకు ఒకటే అడ్డం. బోటు వచ్చింది. ఆమె అనలేదు, అతను వచ్చాడు. ఈ రెంటి మధ్యా సంబంధం లేదని నేను ఏ పట్టిక గీసి చూపించను? మా ఇంటి సంగతి వేరు. మేం అనకుండా కాచుకున్నవేవీ తిరిగి రాలేదు. వాళ్ళకి ఒకటి వచ్చింది. వచ్చినవాడు మళ్ళీ అదే బోటు ఎక్కాలి. ఎక్కకుండా ఆపగలిగిన ఉద్యోగాన్ని అతని కోసమే ఆమె వదులుకుంది. ఇది ఆమెకి నాకంటే ముందే తెలుసు. అందుకే ఏడవలేదు.

"ఫలితాలు రానీ," అన్నాను.

ఫలితాలు వచ్చాయి. యజమాని తన కంప్యూటరు ముందు కూర్చుని నన్ను పిలిచాడు.

"సూడండి మాస్టారూ. మీ సేపలామెకి మిగతా అన్నిటిలో మన సెంటర్లో అందరికంటే ఎక్కువొచ్చాయి. ఇంగ్లీసులో పోయింది. అదీ కొంచెంలో." కుర్చీ వెనక్కి వాల్చి నవ్వాడు. "మీ సబ్జెక్టే కద."

కారణం నాకు తెలుసు. చెప్పలేదు. చెబితే ఆ సాయంత్రానికల్లా క్లాసులో అదొక జోకు అయ్యేది. తెలియక తప్పిందనుకున్నా, నేను సరిగా చెప్పలేదనుకున్నా పర్వాలేదు. వచ్చే ఏడు నుంచి ఇంగ్లీషుకి వీడియో పాఠాలు పెడదామనుకుంటున్నానని కూడా ఆ రోజే చెప్పాడు. పిల్లలు తోకల పద్ధతే అడుగుతున్నారట. మీ ఇష్టం అన్నాను.

తర్వాత ఆమె కొంతకాలం కనబడలేదు. వానలు వెనకబట్టాక ఒక మధ్యాహ్నం మెట్ల కింద తట్ట దించి కూర్చుని ఉంది. ఒక్కతే ఉంది. అత్తకి మోకాళ్ళు పట్టేశాయట. ఆ రోజు బేరం లేదు. తట్టలో చేపలు సగానికి పైగా మిగిలాయి. మీద కప్పిన గోనె కింద ఐసు కరిగి నీళ్ళు కారుతున్నాయి. ఆమె పైకి రాలేదు. నేనే కిందికి దిగాను.

"మీ ఆయన?"

"వేటలో ఉన్నాడు సార్. ఇంజను బాగుసేశారు."

ఫలితాల గురించి నేను ఎత్తలేదు. ఆమె తట్ట అంచు మీద చేయి పెట్టుకుని, బేరం అడిగినంత మామూలుగా అడిగింది.

"సార్, వయసు అడగని పరీక్ష ఇంకేదైనా ఉన్నాదా?"

మళ్ళీ ఓసారి కనబడమ్మా అన్న మాట నా నోటి దాకా వచ్చింది. అది మా తాతగారి మాట. మా నాన్నగారూ అదే అన్నారు. ఆ మాట పట్టుకుని మా గుమ్మానికి ఎన్నోసార్లు తిరిగిన మనుషులు నాకు చిన్నప్పటి నుంచి తెలుసు. వాళ్ళు వస్తుంటే మేం లోపలి గదిలోకి వెళ్ళి కూర్చునేవాళ్ళం. ఈమె కూడా తిరుగుతుంది. తట్ట దించి, చేతులు కడుక్కుని, ఆ మెట్టు మీద కూర్చోవడానికి వస్తుంది.

"లేదమ్మా," అన్నాను.

నా గొంతులో ఆ మాట నాకే కొత్తగా వినిపించింది. ఆమె తలూపింది.

"అలగే సార్. సెప్పేసారు, మంచిది." లేచి, తలగుడ్డ చుట్ట చుట్టి నెత్తిన పెట్టుకుంది. చుట్టూ చూసింది. చేపలున్న తట్టని ఒక్క మనిషి నెత్తికెత్తుకోవడం కుదరదు, అవతల ఇంకొకరు పట్టాలి. "ఓ సెయ్యెయ్యండి సార్, మా అత్త లేదు."

వంగి రెండో వైపు పట్టుకున్నాను. అనుకున్న దానికంటే చాలా బరువు. ఎత్తుతుండగా తట్ట నా వైపు ఒరిగి నీళ్ళు చొక్కా మీద పడ్డాయి. ఇస్త్రీ చొక్కా, ఛాతీ నుంచి నడుం దాకా తడిసింది.

"అయ్యో, సొక్కా పాడైపోయింది సార్."

"పర్వాలేదు. నువ్వు చూసుకుని నడు."

ఆమె ఆటోల వైపు వెళ్ళింది. పైన బ్యాచ్ వచ్చి కూర్చుంది. బట్టలు మార్చుకునే వీలు లేదు. అలాగే వెళ్ళాను. ముందు వరసలో పిల్లలు మొహాలు పక్కకి తిప్పుకున్నారు. ఒకరిద్దరు వెనక బెంచీకి మారారు. బోర్డు మీద మూడు గళ్ళు గీసి, ఆ రోజు పాఠంలో ఉన్న వరస రాశాను. డెత్, డై, డెడ్. కింద లాస్, లూజ్, లాస్ట్. చదవమన్నాను.

క్లాసంతా గొంతు కలిపి చదివింది. ఎవరికీ ఏ మాటా అడ్డం పడలేదు.